పక్క కుర్చీ పెద్దాయన

"ఆ కుర్చీలో మనిషున్నాడమ్మా," అన్నాడు పెద్దాయన.

కుర్చీలో మనిషి లేడు. ఆయన టోపీ ఉంది.

"టోపీ తియ్యి అంకుల్ క్లెమ్. ఇవాళ జీతమొచ్చింది. ఒక్క ఆట ఆడి పోతా," అంది డోరీన్, పర్సు తెరుస్తూ.

"తీస్తాలే. ముందు కాస్త టీ తాగు. మీ చిన్నోడికి పన్నూడిందటగా?"

"చంపుతున్నావ్ అంకుల్!"

క్లబ్బు గుమ్మంలో నిలబడి కాత్యాయని ఇదంతా చూసింది.

"చూశావా సంజయ్? తన మెషీన్ చాలదట, పక్కదానికీ టోపీ పెట్టాడు. పోకీల పిచ్చి ముదిరితే ఇంతే."

పోకీలంటే నోటు మింగి బొమ్మలు తిప్పే జూదం మెషీన్లు. వాటిని ఎక్కడ ఎన్ని పెట్టుకోవచ్చో చూసే ప్రభుత్వ లాయర్లకి కాత్యాయని పైఅధికారి. ఆమె బల్ల మీది ఫైళ్ళు పేరిస్తే సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ గుడి గోపురం మెడ ఎత్తి చూడాలి. ఆమె ఒక్కసారి ఆవులిస్తే నాలుగంతస్తుల ఆఫీసూ ఆవులిస్తుంది.

సంజయ్ ఆమె కింద పనిచేసే కుర్ర లాయరు, సిడ్నీ శివారు టూంగాబీలోనే పుట్టాడు. ఆఫీసులో కాత్యా అంటాడు, కారెక్కితే ఆంటీ అంటాడు.

కంగారూలకి కూడా విసుగు పుట్టే దారిలో రోజంతా కారు నడుపుకుంటూ వచ్చారిద్దరూ. ఈ క్లబ్బుకి ఇంకో గది నిండా మెషీన్లు కావాలట. మా ఇళ్ళు గుల్లయిపోతాయి, ఇవ్వొద్దంటున్నారు ఊళ్ళోని ఆదివాసులు.

"మా మెషీన్లకొచ్చే ఆదాయం స్టేట్ మొత్తం మీద అడుగున ఉంది మేడమ్. మా వల్ల ఎవరికి నష్టం?" అన్నాడు మేనేజరు.

"మరి ఆ పెద్దాయన?"

మేనేజరు నిట్టూర్చాడు.

"తలుపు తీస్తే వస్తాడు, మూస్తే పోతాడు. పాపం. ఆయన సంగతి మీరే ఏదో ఒకటి చూడాలి."

కాత్యాయని లోపలికి నడిచేసరికి డోరీన్ వెళ్ళిపోయింది. ఈ మెషీన్ ఎలా ఆడుతుందో తనూ ఒకసారి చూద్దామని ఆమె ఇరవై డాలర్ల నోటు తీసింది.

పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కూర్చోమ్మా. కళ్ళు గుంటలు పడ్డాయి. ఎక్కణ్ణుంచి?"

"సిడ్నీ."

"అంతకు ముందు?"

"తెనాలి."

"అక్కడ మీ అమ్మ ఏం వండేది?"

గోంగూర అంది. అలాంటి పులుపే మా ఏటిగట్టున కాస్తుందన్నాడు. ఇక మాటలో మాట. ఫ్లాస్కులో టీ అయిపోయింది. సంజయ్ వచ్చి పిలిస్తేగానీ ఆమె లేవలేదు.

బయటికొచ్చి చూసుకుంటే నోటు చేతిలోనే నలిగి ఉంది.

"అబ్బ, ఏం వాగుడు! నా ట్వంటీ కూడా వెయ్యనివ్వలేదు."

"ఆంటీ, ఆయన కూడా ఒక్కసారి బటన్ ప్రెస్ చెయ్యలేదు. ఐ వాచ్డ్ హిమ్."

"డబ్బులైపోయి ఉంటాయి."

మర్నాడు కారులోనే ఆమె సంజయ్ రాసిన రిపోర్టు చదివింది.

"'ఆదాయం ఎందుకింత తక్కువో తెలియాలి, మళ్ళీ విచారించాలి.' ఏంటిది?"

"బికాజ్ వియ్ డోంట్ నో, ఆంటీ."

"ఇంత దూరం మళ్ళీ ఎవరొస్తారు నాయనా? నువ్వొస్తావేమో, నా నడుం రాదు."

ఆ వాక్యం కొట్టేసింది. జనం ఆడటం లేదు, కాబట్టి మెషీన్లు ఇవ్వొచ్చని రాసింది. ఒకే షరతు. ఆ పెద్దాయన్ని మాత్రం క్లబ్బులోకి రానివ్వకూడదు, ఆయన మంచికే.

సంతకం పెడుతుంటే, ఈ మొత్తం ప్రయాణంలో తను చేసిన మంచిపని ఆ షరతొక్కటే అనిపించింది కాత్యాయనికి.

మరుసటేడు చలి తగ్గే వేళకి, అడుగున ఉన్న ఆ క్లబ్బు ఆదాయం తారాజువ్వలా పైకి లేచింది. రానని మొరాయించిన నడుమునే వెంటబెట్టుకుని ఆమె మళ్ళీ అంత దూరమూ వెళ్ళింది.

మధ్యాహ్నానికే కార్లు పెట్టే చోటు లేదు. లోపల మెషీన్ల మోత. పాత వరసలో డోరీన్ కనిపించింది. మనిషి సగమైంది.

కాత్యాయని తనెవరో చెప్పి పక్క కుర్చీ లాక్కుంది.

"అంకుల్ క్లెమ్ ఎలా ఉన్నాడు?"

బటన్ మీద డోరీన్ చెయ్యి ఆగింది.

"ఆ పేరనకండి. పోయినవాళ్ళ పేరు మేం కొన్నాళ్ళు పలకం."



"పోయాడా? పాపం, ఈ పిచ్చే లేకపోతే..."

"ఏం పిచ్చి? ఆయన జన్మలో ఒక్క డాలరు ఆడలేదు."

"మరి రోజూ ఇక్కడే కూర్చునేవాడుగా?"

"మీ ఆర్డరొచ్చాక రోడ్డవతల కూర్చున్నాడు, ఆ ఫ్లాస్కు పట్టుకుని. అటుగా పోతే మమ్మల్ని పిలిచేవాడు. మేనేజరు మాకోసం వెనకవైపు గుమ్మం పెట్టించాడు. చలికాలమంతా అక్కడే ఉన్నాడు. జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగింది."

డోరీన్ ఇంకో నోటు మెషీన్‌కి అందించింది. అది మింగింది.

"అసలు ఆయన్ని ఈ కుర్చీలో ఎవరు కూర్చోమన్నారు?" అంది కాత్యాయని మెల్లగా.

డోరీన్ తెర మీంచి చూపు తిప్పలేదు.

"మేమే. జీతం రోజున మేం ఎంత తిట్టినా సరే, మాటల్లో పెట్టి ఇంటికి పంపెయ్యమని ఊళ్ళో తల్లులందరం పోయి ఆయన్ని బతిమాలుకున్నాం."