తెలుపు పక్కన తెలుపు

గనిలో పైకప్పు కూలిన మర్నాడు. ఆఫీసు గదిలో కోడలు కంప్యూటరు ముందు కూర్చుంది. అత్త పక్కనే స్టూలు మీద కూర్చుని తెర వంక చూస్తోంది.

లోపల చిక్కుకున్నవాళ్లలో అత్త కొడుకు, కోడలి భర్త కూడా ఉన్నాడు.

బయటికి తెచ్చినవాళ్ల పేర్లు వెబ్ పేజీలో వచ్చేలా చేసింది కోడలే. గని నోటి దగ్గర గుమాస్తా వివరాలు ఎక్కించగానే ఆమె రాసిన స్క్రిప్టు పేర్లను అక్షరక్రమంలో పేరుస్తుంది. ఒక వరుసకు తెలుపు, తర్వాతిదానికి బూడిదరంగు వేస్తుంది. గేటు దగ్గర జనమంతా ఫోన్లలో దాన్నే చూస్తున్నారు.

“మనవాడి పేరు ఎక్కడొస్తుందే?”

“డ్రిల్లరు బాబాయికీ లిఫ్టు ఆపరేటరుకీ మధ్యలో అత్తయ్యా. హాజరుపట్టీలోనూ ఆ ఇద్దరి మధ్య ఎప్పుడూ ఆయనొక్కరేగా.”

ఆ ఇద్దరూ పొద్దున్నే బయటపడ్డారు. అత్త వాళ్ల పేర్ల మధ్య వేలు పెట్టింది.

“వేలు తీయండి. తెరంతా మరకలు.”

“తీస్తే ఇంకెవరైనా దూరిపోతారే. బస్సులో సీటు ఆపినట్టు ఆపుతున్నా.”

కోడలు నవ్వింది. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు.

పేజీ మారింది. అత్త ముందుకు వంగింది. చాపలు నేసిన కళ్లు ఆమెవి. గీత తప్పితే ఊరుకోవు.

“ఇదేంటే, తెలుపు పక్కన తెలుపొచ్చింది? ఇందాక బాగానే ఉందిగా?”

“ఎక్కడ?”

“ఇదిగో, నా వేలి దగ్గరే. పైనా తెలుపే, కిందా తెలుపే.”

కోడలు చూసింది. చాలాసేపు చూసింది.

“నా పొరపాటే అత్తయ్యా. సరిచేస్తాను.”

“చెయ్యి చెయ్యి. వాడొచ్చి చూశాడంటే, నా పెళ్లానికి చారలు వెయ్యడం కూడా చేతకాదని ఊరంతా చాటుతాడు.”

కోడలు ఒక మాట తప్పు కొట్టింది. చెరిపి మళ్లీ కొట్టింది. తెలుపు, బూడిద, తెలుపు, బూడిద. వరుసలు కుదిరాయి.

“ఆ, ఇప్పుడు చూడముచ్చటగా ఉంది,” అంది అత్త.

కోడలు లేచి ఇంటి నుంచి తెచ్చిన టిఫిను డబ్బా మూత తీసింది. రొట్టె తుంచి అత్త నోటి దగ్గర పెట్టింది.

“వాడొచ్చాక తింటానన్నానుగా!”

“ఇప్పుడే తినండి. ఈ ఒక్కసారికి నా మాట వినండి అత్తయ్యా.”

“నీ మొండితనం కూడా వాడిదేనే,” అంటూ అత్త నోరు తెరిచింది.

చనిపోయి బయటికొచ్చినవాళ్ల వరుస, ఇంటివాళ్లకు కబురు చెప్పేదాకా పేజీలో కనపడకూడదని నిన్న స్క్రిప్టు రాసినప్పుడు, దాచిన వరుసకు కూడా ఒక రంగు ఖర్చవుతుందన్న సంగతి కోడలు చూసుకోలేదు.