సవతి పేరు

“పూలమ్మా, నీళ్ళియ్యవే.”

గట్టయ్యకు మింగించబోయిన మతిమరుపు గోళీ సారవ్వ చేతిలోనే ఉండిపోయింది. అతను మొదట తాళి కట్టింది తనకు. దవాఖాన చుట్టూ తిరిగి, అల్జీమర్స్ అని తేల్చుకుని, డొనెపెజిల్ గోళీలు తెచ్చి మింగిస్తున్నది తాను. మొగుడి నోట్లో నానేది మాత్రం సవతి పేరు. సొమ్మొకరిది, సోకొకరిది.

“నేను సారవ్వను. యాదికి లేనా?”

గట్టయ్య ఆమె మొహంలోకి చూసి నవ్వాడు. “పూలమ్మా, నీళ్ళు” అన్నాడు మళ్ళీ.

బొగ్గు బాయిలో పనిచేసినన్నాళ్ళూ షిఫ్టు మారినట్టే వారం వారం ఇల్లు మారేవాడు గట్టయ్య. రిటైరయ్యాకా అదే రివాజు. ఒక వారం గోదావరిఖనిలో సారవ్వ దగ్గర, మరో వారం బసంత్‌నగర్‌లో రెండో భార్య పూలమ్మ దగ్గర. జబ్బుతో మాటే మానేసిన మనిషిని ఈ గోళీలే మళ్ళీ మాట్లాడించాయి. ఇవి జబ్బును తీసెయ్యవు, మిగిలిన జ్ఞాపకాన్ని కొన్నాళ్ళు పట్టి ఉంచుతాయి, మధ్యలో ఆపొద్దు అని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

పట్టి ఉంచేది పూలమ్మనే అయితే ఆ గోళీలు తనకెందుకు? సారవ్వకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నవన్నీ తీసుకెళ్ళి మోరీలో పారేసింది. ఆదివారం గట్టయ్యను తీసుకెళ్ళడానికి పూలమ్మ వస్తే, డాక్టరు గోళీలు ఇక వద్దన్నాడని అబద్ధమాడింది. సవతుల మధ్య అంతకు మించి మాటల్లేవు.

కొన్ని వారాలకే గట్టయ్య పూలమ్మ పేరు ఎత్తడం మానేశాడు. ఏ పేరూ ఎత్తడం లేదు. సారవ్వ ప్రాణం కుదుటపడింది. ఆ పూట కోడికూర వండుకుని తృప్తిగా తిన్నది.

ఆ పై వారం తన ఇంట్లో ఉంచుకుని, ఆదివారం గట్టయ్యను దింపడానికి వచ్చిన పూలమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వస్తూనే, డాక్టరు గోళీలు ఎందుకు బంద్ చేశాడని అడిగింది. సారవ్వకు లోలోపల సంబరమైంది.

“ఏందే, నిన్ను మర్శిండని ఏడుస్తున్నవా?”

“నన్నెన్నడు యాది చేసిండక్కా?” పూలమ్మ గట్టయ్యను మంచం మీద కూర్చోబెట్టింది. “నా ఇంట్ల ఉన్నన్ని దినాలు ‘సారవ్వా బువ్వ పెట్టు, సారవ్వా దగ్గర కూసో’ అనుడే. కడుపు మండేది గని, నేనే సారవ్వనని చెప్పి తినిపిచ్చేదాన్ని. ఇప్పుడు గా పేరు చెప్పినా నోరు తెరుస్తలేడు.”