కోర్టు విడదీశాక

“విడాకులు తీసుకుని ఏళ్ళు గడిచిపోయాయి ఫాదర్. ఇప్పుడు ఒకాయన కలిసి ఉందామంటున్నారు.”

గుక్క తిప్పుకోకుండా చెప్పేసి నర్సమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ఆస్పత్రిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, తెల్లకోటు ఇంకా ఒంటిమీదే ఉంది.

ఆ చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్ ముందున్న కాగితాలు పక్కకు జరిపారు.

“ఇంట్లో తెలుసా అమ్మా?”

“మా అమ్మాయికి చెప్పాను. ‘పెళ్ళీ గిళ్ళీ ఎందుకమ్మా, సామాను తెచ్చేసుకోమను, ఈ రోజుల్లో ఎవరడుగుతారు’ అంది. అది అలాగే ఉంటోంది లెండి, ఓ కుర్రాడితో. నాకే మనసొప్పడం లేదు. ఆదివారం చర్చిలో తలెత్తుకుని సత్ప్రసాదం తీసుకోవాలి కదా నేను.”

“ఆయన మంచివారేనా?”

“మొండి మనిషి. కోపమొస్తే నెల్లాళ్ళు మాట్లాడరు. కానీ నాకు ఆపరేషన్ అయినప్పుడు మంచం పక్కనుంచి కదల్లేదు. తల దువ్వి జడ కూడా వేశారు, వంకరటింకరగా.”

ఫాదర్‌కి నవ్వొచ్చింది. చెప్పాల్సిన మాట గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

“మొహంమీద తలుపేసే రోజులు కావమ్మా ఇవి. మీ పాత పెళ్ళి మొదట్నుంచీ చెల్లనిదని చర్చి విచారణలో తేలితే దారి దొరుకుతుంది. మిమ్మల్నెవరైనా బలవంతపెట్టారా? ఆయన మీ దగ్గర ఏమైనా దాచారా?”

“లేదు ఫాదర్. ఇద్దరం ఇష్టపడే చేసుకున్నాం. మా చిన్నవాడు జ్వరంతో పోయాక ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. అంతే. అది పెళ్ళే కాదని నా నోటితో అనలేను.”

ఫాదర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంత నిజం మాట్లాడే మనిషికి కాదని చెప్పడం ఆయనకు కష్టంగా ఉంది.

“అయితే నా చేతుల్లో ఏమీ లేదమ్మా. కోర్టు విడదీసినా, చర్చి దృష్టిలో మీరింకా ఆ మొదటాయన భార్యే.”

“మళ్ళీ చెప్పండి.”

“ఇద్దరూ బతికున్నంతకాలం మీరు ఆయన భార్యే. మరోలా అనుకోకండి.”

ఆవిడ కళ్ళు నిండాయి. ఫాదర్ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపారు. ఆవిడ చూడనైనా లేదు. లేచి వెళ్ళి తలుపు తీసింది. వరండాలో ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి ఆత్రంగా తలెత్తాడు.

“లేవండి, మన పెళ్ళి ఇంకా చెల్లుతుందట.”