పరామర్శ

ముసలాయన పొద్దున్నే మళ్లీ వచ్చి చెయ్యి చాపాడు.

"బీపీ చూడు, డాక్టరమ్మా."

"నిన్ననే చూశాను కదా, తాతా. బాగానే ఉంది."

"నిన్న మేత వేశామని ఇవాళ గుర్రాన్ని పస్తు పెడతామా? చూడు, చూడు."

జిపార్‌కు నవ్వు రాలేదు. పట్టీ చుట్టి, గాలి కొట్టి, బాగానే ఉందని మళ్లీ చెప్పింది.

రాజధాని బిష్కెక్‌లో చదువు ముగించుకుని నారిన్ కొండల్లోని ఈ ఊరికి ఆమె వచ్చింది మొన్న మొన్ననే. ఉద్యోగం కుదురుకోకముందే నెత్తిన పిడుగు పడింది.

ఎలమాన్ అనే కుర్రాణ్ణి, గుర్రం మీంచి పడ్డాడని, స్నేహితులు మోసుకొచ్చారు. లోపల నెత్తురు కారిపోతోంది. పట్నానికి పంపుదామంటే కనుమ మంచుతో మూసుకుపోయింది. చేయగలిగిందంతా చేసింది. ఆమె చేతుల్లోనే పోయాడు.

ఆ ఇంటికి జిపార్ పరామర్శకు వెళ్లలేదు. చావు జరిగితే పగవాడు కూడా గుమ్మం దాకా వెళ్లే ఊరు అది. ఏ మొహం పెట్టుకుని వెళ్లను అనుకుంటూ తలుపు వేసుకుని కూర్చుంది.

"కొత్త డాక్టరమ్మ హస్తవాసి మంచిది కాదు" అన్నారెవరో. ఊళ్లో ఒకరంటే అందరూ అన్నట్టే. రోగులు రావడం మానేశారు.

అప్పుడు ఊడిపడ్డాడు ఈ మంబెత్ తాత. కనుమ అవతల గొర్రెలు కాసుకునేవాడట. బీపీ చూపించుకున్నాక కూడా కదిలేవాడు కాదు. ఆసుపత్రి అరుగు మీద ఎండలో కూర్చుని దారిన పోయేవాళ్లను పిలిచేవాడు.

"ఒరే తుర్సున్! ఆ దగ్గేంట్రా, ముసలి గొర్రెలాగా? లోపలికెళ్లు. మా అమ్మాయి చెయ్యి పువ్వంత తేలిక."

తుర్సున్ టోపీ తీసి, మారుమాట లేకుండా లోపలికి వచ్చేవాడు. ముసలాయన ఎవరిని పిలిచినా అంతే. పెద్దవాళ్ల మాట కాదనలేక వస్తున్నారులే అనుకునేది జిపార్. జాలిపడి పంపిన రోగులను చూడడం ఆమెకు మరీ అవమానంగా ఉండేది.

చివరికి ఒకరోజు నర్సు బత్మాతో చెప్పేసింది.

"రేపు బస్సెక్కేస్తున్నా, అక్కా. ఈ ఊళ్లోనే కాదు, ఎక్కడా ఈ పని ఇక చెయ్యను."

అరుగు మీద నుంచి ముసలాయన గుమ్మంలోకి వచ్చాడు.

"అదేంటమ్మా? ఇప్పుడిప్పుడే జనం వస్తున్నారుగా?"

"నా చేతుల్లో ఒక మనిషి పోయాడు, తాతా."

"నీ చేతుల్లో పోయాడు. నీ వల్ల పోలేదు. కనుమ మూసింది నువ్వు కాదుగా?"

"మీకేం తెలుసు? ఆ రోజు మీరిక్కడ ఉన్నారా?"

"లేను" అన్నాడు ముసలాయన మెల్లగా. "గొర్రెల దగ్గర ఉండిపోయాను."

"మరెందుకు మాట్లాడతారు? పోయింది మీవాడైతే తెలిసేది! పనీపాటా లేనివాళ్లకి కాలక్షేపం చెయ్యడానికి కాదు నేనిక్కడ ఉన్నది. ఇంక రాకండి."

ముసలాయన టోపీ సర్దుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

బత్మా నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఆయన మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడంది:

"రేపు ఎలమాన్ పోయి నలభయ్యో రోజు, ఊరంతా వాళ్లింటికి వెళ్తుంది. నీ బస్సు మధ్యాహ్నానికి గానీ రాదు. ఒక్కసారి ఆ గుమ్మం తొక్కి వెళ్లు, తల్లీ. లేకపోతే ఈ బరువు నీతోపాటే బస్సెక్కుతుంది."

మర్నాడు బత్మా చెయ్యి పట్టుకుని బయల్దేరింది జిపార్. తిడితే తిట్టనీ, మొహాన ఉమ్మితే ఉమ్మనీ అనుకుంది. అంతకంటే ఎక్కువ తనను తానే తిట్టుకుని ఉంది.

వాకిట్లో పెద్ద పెద్ద కాగుల్లో మాంసం ఉడుకుతోంది. లోపలి నుంచి ఆడవాళ్ల శోకాలు వినబడుతున్నాయి. గుమ్మం పక్కన పోయినవాడి తరఫు మగవాళ్లు, అక్కడి ఆచారం ప్రకారం నడుముకు గుడ్డ బిగించి, కర్రల మీదికి వంగి వరసగా నిలబడ్డారు. అతిథి వచ్చినప్పుడల్లా వాళ్ల ఏడుపు ఒక్కసారిగా లేస్తోంది.

"వరసలో మొదట నిలబడేది తండ్రి. ముందు ఆయనకు చెప్పు" అంది బత్మా చెవిలో.

జిపార్ తల వంచుకుని నడిచింది. బురద అంటిన బూట్ల ముందు ఆగిపోయింది.

"బతికించలేకపోయాను" అంది. "క్షమించండి."

వంచిన తల పైన ఏడుపు ఆగింది.

"వచ్చావా, తల్లీ?" అంది ఒక గొంతు. "వాళ్లమ్మ లోపల పొద్దుట్నుంచీ సొమ్మసిల్లి పడిపోతోంది. ఇంకెవరినీ ముట్టుకోనివ్వద్దన్నాను. నువ్వెళ్లి చూడమ్మా."

జిపార్ తల ఎత్తింది.

కొడుకును పోగొట్టుకుని, వరసలో అందరికంటే ముందు కర్ర మీదికి వంగి నిలబడ్డది మంబెత్ తాత.