ముందు పంపినవాళ్ళదే లెక్క

"లెగండి మావయ్యా! బేగి లెగండి!"

ప్రమోదిని కేకకి నెట్ సెంటర్ అదిరిపోయింది.

పలాస బజారులోని ఆ సెంటర్‌లో పనిచేస్తున్న కంప్యూటర్ ఒక్కటే. దాని ముందు కాళ్ళు వాచిన ముసలాయన ఒకడు వణికే చేతులతో నింపాదిగా టైపు చేసుకుంటున్నాడు.

నాలుగింటికి కరెంటు కోత. ఇంకా పావుగంటే ఉంది.

"అయిపోవచ్చింది తల్లీ. చిన్న పని."

"మీ పని రేపు సేసుకోవచ్చు. నాది ఇయ్యాల పోకపోతే మూడేళ్ళ కష్టం సముద్రంలో కలిసిపోతాది!"

"ఏటది?"

"సెప్పినా మీకర్థం కాదు."

"సెప్పు, సూద్దాం."

ప్రమోదినికి ఒళ్ళు మండింది. ఉద్దానం నుంచి ఆటోలో పడుతూ లేస్తూ వచ్చింది ఈయనకి పాఠం చెప్పడానికా! అయినా అవసరం తనది.

"కొన్ని పదార్థాల్లో ఎలక్ట్రాన్లు ఒకటి తల పైకి, పక్కది తల కిందకి, వరసగా నిలబడతాయి. కొన్నింటిని తీసేస్తే ఖాళీలు మిగుల్తాయి. అవి వరసంతా సెరిపేసుకుంటా తిరుగుతాయి. ఒక్కో ఎలక్ట్రానుకీ లెక్క కట్టాలంటే ఈ జన్మ సాలదు. పెద్ద అలల్ని మాత్రం పట్టుకుని నేను కట్టీసినాను."

"మరి తొందరేటి?"

"బొంబాయిలో ఓ పెద్ద ప్రొఫెసరు కట్టే ఇదే లెక్కా పూర్తయిపోనాదట. మా గైడు పొద్దున్నే ఫోన్ సేసినారు. ముందెవరిది నెట్‌లో కనబడితే వాళ్ళదే ఆ లెక్క. ఆయనకేటి, పేరుంది, ఉద్యోగముంది. నాకిదొక్కటే. ఆయన సెయ్యి పడిపోను!"

ముసలాయన ఫక్కున నవ్వాడు.

"రెండు ఖాళీలు ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కుంటాయంటావా?"

"లాక్కుంటాయి, సరైన దిక్కులో ఉంటే."

"ఖాయమేనా?"

"అన్ని రకాలుగా సూసినాను. బాబ్బాబు, లెగండి!"

ఆయన తెర వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. ఏదో నొక్కి, బల్ల పట్టుకుని లేచాడు.

"కూకో తల్లీ."

థాంక్స్ చెప్పే తీరిక ఎక్కడిది? ప్రమోదిని కుర్చీలో పడింది.

"కిడ్నీ జబ్బు మడిసే ఆయన! పొద్దున్నుంచీ నెట్ లైను కోసం కూకున్నాడు. ఎంత నోరే నీకు!" సెంటర్ నడిపే కృష్ణవేణి కసిరింది.

"తర్వాత తిట్టొదినా!"

ఫైలు సగం వెళ్ళి ఆగిపోయింది. ప్రమోదిని దేవుళ్ళందరికీ మొక్కేసింది.

కదిలింది. చేరింది.

చేరినట్టు తెర మీద చదువుకుందో లేదో, కరెంటు పోయింది.

బయటికొచ్చి చూస్తే ముసలాయన లేడు.

మర్నాడు తన పేరు నెట్‌లో కనబడింది. బొంబాయి వాళ్ళది ఆ రోజు రాలేదు, ఆ వారమూ రాలేదు. "జడిసిపోయుంటాడు!" అని ప్రమోదిని ఎగిరి గంతేసింది.

నెల తిరక్కుండా విశాఖపట్నం నుంచి గైడ్ మన్మథరావు ఫోన్ చేశాడు.

"బొంబాయి ప్రొఫెసర్ గారు నిన్న పోయారమ్మా. కిడ్నీలు పాడైపోయాయి. సొంతూరు మీ ఉద్దానంలోని బారువే. జబ్బు ముదిరాక అక్కడికే వచ్చేశారట."

ప్రమోదిని ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది.

"మరి... ఆయన లెక్క సార్?"

"అదే అడిగాను ఆయన శిష్యుణ్ణి. పంపడానికి పలాస దాకా వెళ్ళి, అక్కడే చెరిపేశారట. ‘మా వైపు ఆడగుంట ఒకర్తి ఆ లెక్క కట్టీసిందిరా, నాకొచ్చిన జవాబే దానికీ వొచ్చింది, ఇంక నాదెందుకు?’ అన్నారట."