సీసా మీది పేరు

"ఈ రిపోర్టు నాది కాదు మేడం. పేరు నాది, లోపల సరుకు ఇంకెవరిదో."

కైలాసం కాగితాన్ని బల్లమీద పెట్టి డాక్టర్ వైపు నెట్టాడు. సంగారెడ్డిలోని ఆ ల్యాబులో డాక్టర్ హరిచందన పనల్లా ఒకటే. ఆపరేషన్లలో తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి రోగం పేరు తేల్చడం. పది రోజుల కిందట కైలాసం వృషణాల్లో ఒకదానికి గడ్డ ఉందని ఆపరేషన్ చేసి తీసేశారు. అదేం గడ్డో తేల్చిన కాగితమే ఇది.

"ఎందుకు మీది కాదు?" అంది డాక్టర్.

"గ్రాన్యులోసా సెల్ ట్యూమర్ అని రాసిర్రు. ఫోన్ల కొట్టి సూసిన. ఆడోళ్ళ అండాశయంల వచ్చే గడ్డ అంట. నాకు అండాశయం యాడుంది మేడం?"

ఆ గొంతులో అనుమానం రవ్వంత కూడా లేదు. ఎందుకుంటుంది? గడ్డపోతారంలో మందుల కంపెనీ నుంచి సరుకు బయటికి వెళ్ళేముందు డ్రమ్ముల మీది లేబుళ్ళు సరిచూసేది కైలాసమే. ఇరవై రెండేళ్ళలో అతని కన్నుగప్పి ఒక్క తప్పు లేబులు గేటు దాటలేదు. పెళ్ళి భోజనాల్లో కూడా గిన్నె మూత తీసి చూశాకే పెరుగును పెరుగని నమ్మే రకం.

"మా కాడ గిట్లనే అయితది. పైన ఒకటి ఉంటది, లోపల ఇంకోటి ఉంటది. ఎవడో జల్దీల అతికిచ్చి పోతడు," అన్నాడు. అంతలోనే అతని ముఖంలోకి నిజమైన దిగులు వచ్చింది. "నా సంగతి పక్కన పెట్టుండ్రి. ఈ గడ్డ ఎవరో ఒక ఆడమనిషిది కద. ఆ తల్లి నా రిపోర్టు పట్టుకొని, నాకేం లేదని నిమ్మలంగ కూసొని ఉంటది. జెర ఆమెను దేవులాడుండ్రి."

డాక్టర్‌కు కోపం రాలేదు. "ఇది మగవాళ్ళకూ వస్తుంది, చాలా అరుదుగా. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆడా మగా అందరికీ ఆ భాగం ఒకేలా మొదలవుతుంది. తర్వాతే అది అండాశయమో, వృషణమో అవుతుంది. అందుకే..."

"అదంత నాకు తెల్వది. ముక్క ఏసిన సీసా మీద పేరు రాసినోళ్ళెవరో వాళ్ళను పిలువుండ్రి. నేనే అడుగుత."

డాక్టర్ రిజిస్టరు తెరిచి, ఆపరేషన్ తేదీ దగ్గర వేలు ఆపి చదివింది. ఒకసారి కైలాసం ముఖంలోకి చూసి రిజిస్టరు మూసేసింది.

"పిలుస్తాను. ముందు ఇటొచ్చి ఇది చూడండి."

కైలాసం ఒక కన్ను మూసి మైక్రోస్కోపులోకి వంగాడు. గులాబి రంగు, ఊదా రంగు, ఇసక పోసినట్టు చుక్కలు.

"ఎడమ పక్కన గుండ్రటి గొట్టాలు కనబడుతున్నాయా? వీర్యకణాలు తయారయ్యేది వాటిలోనే. అవి మగవాళ్ళకే ఉంటాయి. కుడిపక్కన కిక్కిరిసి ఉన్నదంతా గడ్డ. రెండూ ఒకే ముక్కలో ఉన్నాయి. ఆ రోజు వృషణం ముక్క మాకు ఇంకెవరిదీ రాలేదు. ఇప్పుడు మీరే చెప్పండి, సరుకు ఎవరిది?"

కైలాసం రెండోసారి చూశాడు. మూడోసారి కూడా చూశాడు. ఎంత మొండివాడైనా లేబుళ్ళ మనిషి, కంటికి కనబడ్డదాన్ని కాదనడం చేతకాదు. నెమ్మదిగా వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నాదే," అన్నాడు.

"భయపడకండి. గడ్డ మొత్తం వచ్చేసింది. స్కానులో ఎక్కడికీ పాకినట్టు లేదు. అయితే ఇది ఏళ్ళు గడిచాక కూడా తిరిగి రావచ్చు. పరీక్షలకు వస్తూ ఉండాలి. ఒక్కటి కూడా ఎగ్గొట్టొద్దు."

"ఎన్నేండ్లు?"

"చాలా ఏళ్ళు."

కైలాసం తలుపు వైపు చూశాడు. తలుపు అవతల బెంచీ మీద అతని భార్య చంద్రకళ టిఫిను సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను గొంతు తగ్గించాడు.

"ఇంట్ల హెర్నియా ఆపరేషన్ అని చెప్పిన మేడం. హెర్నియాకు ఏండ్లకేండ్లు ఎవడన్న దవాఖానకు తిరుగుతడా? ఇట్ల ఆడోళ్ళకొచ్చే గడ్డ నాకొచ్చిందని తెలిస్తే, మా ఇంటామె ముందల నేను తలెత్తుకొని తిరుగుతనా? నాతోని కాదు. పరీక్షలు వద్దు, ఏం వద్దు. ఏమైతే అదయితది."

ఇందాకటి ధీమా అంతా ఎటు పోయిందో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రాణం మీదికి వచ్చినా సరే, పరువు మీదికి రాకూడదనుకునే మనిషిని ఒప్పించడం ఏ డాక్టర్ తరం? హరిచందన ఆ ప్రయత్నమే చేయలేదు. లేచి వెళ్ళి తలుపు తీసింది.

"ఒకసారి లోపలికి రండమ్మా."

చంద్రకళ వచ్చింది. కైలాసం గబుక్కున కాగితం మడిచి జేబులో కుక్కాడు.

"నువ్వెందుకొచ్చినవ్? అయిపోయింది, పోదాం పా. కుట్లు మంచిగ మానినయన్నది మేడం."

చంద్రకళ అతని వైపు చూడలేదు. "మళ్ళ పరీక్షకు ఏ తారీకు తోలుకొని రావాలె మేడం?" అని అడిగింది.

"హెర్నియాకు మళ్ళ పరీక్షేందే?" అన్నాడు కైలాసం. డాక్టర్ వైపు తిరిగాడు. "ఈమెనెందుకు పిలిచిర్రు మేడం? నేను పిలువమన్నది సీసా మీద పేరు రాసినోళ్ళను కద."

చంద్రకళ టిఫిను సంచి బల్లమీద పెట్టి, కొంగుతో అతని కళ్ళు తుడిచింది.

"ఆపరేషన్ నాడు నర్సమ్మ ఆ గడ్డ ఉన్న సీసా నా చేతులనే పెట్టి, పేరు రాసి ల్యాబుల ఇచ్చి రమ్మన్నది. నీ పేరు సక్కగనే రాసిన. తప్పు లేబులు నీ హెర్నియాదే."