ఇక్కడ ఆఖరెవరు?

తొలేదో అనే పాత ఊరిని టూరిస్టులకి చూపించడం నా పని. ఆ రాత్రి నా గుంపంతా ఫోటోల కోసం వంతెన మీదికి పరిగెత్తింది. కాళ్ళు పీకుతుంటే నేను పాత చర్చి నేలమాళిగ తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. ఆ తలుపులోంచి లోపలికెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదని రోజూ చెప్తుంటాను. కథ నేనే అల్లాను. టూరిస్టులకి అలాంటివే కావాలి.

నల్ల ముసుగేసుకున్న ముసలావిడ వచ్చింది. "ఇక్కడ ఆఖరెవరమ్మా?"

మా ఊళ్ళో చేపల కొట్టు దగ్గరైనా, డాక్టరు దగ్గరైనా వచ్చినవాళ్ళు ఇలాగే అడిగి, ఆఖరి మనిషి తర్వాత తమ వంతు అనుకుంటారు. అలవాటుకొద్దీ "నేనేనండీ" అనేశాను.

"అయితే నీ వెనక నేను."

ఆవిడ వెనక కత్తి వేలాడేసుకున్న పెద్దమనిషి చేరాడు. ఆయన వెనక ఇంకెవరో. చూస్తుండగానే సందు మలుపు దాకా వరస. అంతమంది వచ్చినా రాళ్ళ మీద ఒక్క అడుగు చప్పుడు లేదు. పోటీ కంపెనీ వాళ్ళ నాటకమనుకుని నాకు ఒళ్ళు మండింది.

"వేషాలు బాగా కుదిరాయండీ," అన్నాను వెటకారంగా.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నీదీ బాగానే ఉంది."

నా వీపు వెనక గడియ తీసిన చప్పుడైంది. లోపలి నుంచి.

"తర్వాత ఎవరు?" అన్నారెవరో తలుపు వెనక నుంచి విసుగ్గా.

"పెద్దవారు, ముందు మీరు వెళ్ళండి," అన్నాను.

"అయ్యో, వరస తప్పుతామా? మేం మర్యాదస్తులం తల్లీ," అంది ముసలావిడ.

సందు చివరి నుంచి ఎవరో అరిచారు. "కదలమ్మా! మళ్ళీ తెల్లారిపోతుంది!"